నాలుగో ఎండ

వికారాబాద్,
6 జూలై 1987

వదినకు నమస్కారం.

మీరు నా క్షేమం అడగరని తెలుసు కాబట్టి నేనే చెబుతున్నాను, బాగానే ఉన్నాను.

పని మీద రాస్తున్నాను. కాలేజీ ఉద్యోగం మానేసి స్టేషన్ రోడ్డులో కంప్యూటర్ నేర్పే గది తెరిచిన సంగతి మీ దాకా వచ్చే ఉంటుంది. పిల్లలకు నేర్పడం పొట్టకూటికి. నేను అసలు చేయదలచింది వేరు. పప్పు మిల్లుల కోసం ఒక ప్రోగ్రాం రాస్తాను. ప్రోగ్రాం అంటే కంప్యూటర్ ఏం చేయాలో వరుసగా రాసి ఇచ్చే ఆజ్ఞలు. ఏ ఊరి కందులు, ఏ నేలవి, ఎంత పచ్చిగా ఉన్నాయి అని చెబితే చాలు. నూనె ఎంత పట్టించాలో, రాశి పోసి ఎంతసేపు ఉంచాలో, కల్లంలో ఎన్ని ఎండలు ఎండబెట్టాలో అది కాగితం మీద అచ్చుకొట్టి ఇస్తుంది. ఎండ తక్కువైతే పొట్టు ఊడదు, ఎక్కువైతే పప్పు నూకవుతుంది, ఈ రెంటి మధ్యనే మిల్లు బతుకంతా ఉందని అన్న అంటుండేవాడు. దీనికి పేరు కూడా పెట్టాను, ‘దాల్ మాస్టర్’.

చేసి చూపించడానికి ఒక మిల్లు కావాలి. తాండూరులో మిగతావాళ్ళు నన్ను గేటు దాటనివ్వలేదు. మన మిల్లు ఒక్కటే మిగిలింది. ‘మన’ అన్నందుకు మీకు కోపం వస్తుంది. సగం నాదే కదా.

అన్న పోయిన పదకొండో రోజున పెద్దమనుషుల ముందు నేనన్న మాట మీదే ఉన్నాను. ఆడమనిషి వల్ల మిల్లు నడవదు, అమ్మి చెరిసగం తీసుకుందాం అన్నాను. వాళ్ళలో పెద్ద అనంతయ్యగారు జాలిపడి మీకు రెండు పంటకాలాల గడువిచ్చారు. మొదటిది పోయింది. మీ పప్పు నూకైన సంగతి వికారాబాద్ దాకా తెలిసింది. వచ్చే ఉగాదికి రెండోది కూడా అయిపోతుంది, అప్పుడు మళ్ళీ అందరం కూర్చోవాలి. నా ప్రోగ్రాం పనిచేస్తే మీ మిల్లు నిలుస్తుంది, నా సరుకుకు పేరొస్తుంది. ప్రేమతో అడగడం లేదు, అవసరం కొద్దీ అడుగుతున్నాను.

ప్రశ్నలన్నీ వేరే కాగితాల మీద జతపరిచాను. జవాబులన్నీ ఒకేసారి రాసి పంపండి. ఒకసారి పంపాక మార్పులు ఉండవు.

నాగేశ్వర్


తాండూరు,
15 జూలై 1987

నాగేశ్వర్‌కు వదిన దీవించి రాయునది. దీవెన అలవాటు కొద్దీ రాశాను, తీసుకోకపోయినా ఫరవాలేదు.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వస్తువు పుట్టకముందే దానికి పేరు పెట్టావు. బాగుంది.

ఒక్క సంగతి నాకు అర్థం కాలేదు. నేను ఓడిపోతే నీకు సగం వస్తుంది. నేను గెలవడానికి మందు కూడా నువ్వే ఇస్తానంటున్నావు. తాళం చెవులు దొంగ చేతికే ఇమ్మని ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు.

పైగా ఇదేం పద్ధతి? ప్రశ్నలు పంపుతావట, జవాబులు పంపాలట, తర్వాత మాట్లాడకూడదట. మేము పప్పు ఉడుకుతుంటే మధ్యలో గరిటె పెట్టి చూస్తాం. ఉప్పు చాలకపోతే వేస్తాం. వండకముందే రుచి కాగితం మీద రాసిమ్మంటే ఎవరివల్ల అవుతుంది? నీ పెట్టె తీసుకుని ఇక్కడికి రా. కొంచెం చెయ్యి, కల్లంలో చూడు, తప్పితే దిద్దు. మళ్ళీ కొంచెం చెయ్యి. కానీ నువ్వు రావు. ఆ రోజు చెయ్యి ఊపుతూ “ఈ మిల్లు అమ్మెదాక గీ గేట్ల కాలు వెట్ట” అన్నావు. గంటన్నర రైలు దూరంలో ఉండి పోస్టులో మిల్లు నడుపుతావన్నమాట.

మిల్లుకు ఫోన్ చేయకు. నోటిమాటకు సాక్ష్యం ఉండదు. ఏదైనా రాసి పంపు. ప్రశ్నలు చూస్తాను.

కస్తూరమ్మ


వికారాబాద్,
3 ఆగస్టు 1987

వదినకు,

వంట గురించి మీరు చెప్పింది చదివాను. ప్రోగ్రాం పులుసు కాదు. ఇల్లు కట్టేవాడు ముందు నక్షా గీస్తాడు, తర్వాత పునాది తవ్వుతాడు. గోడలు లేచాక తలుపు అటు తిప్పు, వంటిల్లు ఇటు జరుపు అంటే మేస్త్రీ తాపీ పారేసి పోతాడు. నేను చదువుకున్న పద్ధతి ఇది. ముందు అన్నీ తెలుసుకోవాలి, రాసుకోవాలి, మీ చేత సంతకం పెట్టించుకోవాలి, ఆ తర్వాతే మొదటి వాక్యం రాయాలి. మధ్యమధ్య గరిటె పెట్టేవాళ్ళ వల్లే వంటలు చెడతాయి.

కంప్యూటర్‌ను అక్కడికి తేలేను. మీ కల్లం దుమ్ముకు, తాండూరు కరెంటుకు అది వారం కూడా బతకదు.

మీకు తెలియని ప్రశ్న ఒక్కటి కూడా అందులో లేదు. ఆ మిల్లులో ఇరవై ఏళ్ళున్నారు. దాచుకోవాలని ఉంటే దాచుకుంటున్నానని రాయండి, నేను వేరే దారి చూసుకుంటాను.

నాగేశ్వర్


తాండూరు,
20 సెప్టెంబరు 1987

నాగేశ్వర్‌కు,

జవాబులు పంపుతున్నాను. కొడంగల్, కుల్కచర్ల, మర్పల్లి, ఇంకా నువ్వడిగిన ఊర్లన్నీ ఉన్నాయి. ఎర్రనేల కందులు, నల్లరేగడి కందులు వేరువేరుగా రాశాను. నూనె, రాశి, ఎండలు అన్నీ ఉన్నాయి. చివర సంతకం కూడా పెట్టాను.

దాచుకోవడానికి నేనేం నీ తల్లిలాగా డబ్బాలకు తాళాలు వేసేదాన్ని కాదు.

ఇంక నన్ను ఏమీ అడగకు.

కస్తూరమ్మ


వికారాబాద్,
11 నవంబరు 1987

వదినకు,

అడగక తప్పడం లేదు. మీ జవాబుల్లో కొడంగల్ కందులకు ఒకచోట రెండెండలు అన్నారు, రెండు పేజీల తర్వాత నాలుగెండలు అన్నారు. నల్లరేగడికి నూనె ఎక్కువ పట్టించాలని ఒకచోట, తక్కువ అని ఇంకొకచోట. కంప్యూటర్ మనిషి కాదు, మీ మొహం చూసి అర్థం చేసుకోదు.

నాకు తోచిన మాట చెబుతున్నాను. మీరు కావాలనే తప్పులు రాశారు. ఈ సరుకు రేపు మిగతా మిల్లులకు కూడా అమ్ముతానని మీకు అర్థమైంది. మీ విద్య నలుగురి చేతుల్లో పడకూడదని అబద్ధాలు కలిపి పంపారు. అన్న ఉంటే ఇలా చేసేవాడు కాదు.

నాగేశ్వర్


తాండూరు,
17 నవంబరు 1987

నాగేశ్వర్‌కు,

రెండూ నిజమే. ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ఏది కుదిరితే అది వేసుకో. పెద్ద చదువు చదివావు, ఆ మాత్రం చేసుకోలేవా?

మిగతా మిల్లులకు అమ్ముతావని నాకు నీ నోటితో ఇప్పుడే తెలిసింది. అదీ మంచిదే. కొత్త పంట వారంలో మొదలవుతుంది. కాగితాలు పంపు.

కస్తూరమ్మ


తాండూరు,
9 జనవరి 1988

నాగేశ్వర్‌కు,

నీ దాల్ మాస్టర్ చెప్పినట్టే చేశాం. అక్షరం తప్పలేదు. కొడంగల్ కందులకు అది చెప్పిన నూనె పట్టించాం, చెప్పినంతసేపు రాశి పోశాం, చెప్పినన్ని ఎండలు ఎండబెట్టాం. రోలర్‌లో పోస్తే సగం నూక, సగం పొట్టు విడవని గుండ్లు. మిస్త్రీ గులాం నబీ బెల్టు ఆపేసి, “అమ్మా, గిది పప్పు కాదు, కోళ్ళకేసే దాణ” అన్నాడు. మార్కెట్లో మన సంచి విప్పి చూసి పక్కకు నెట్టారు. అనంతయ్య తన మనిషిని పంపి ఒక గుప్పెడు పట్టుకెళ్ళాడు. ఉగాది పంచాయితీలో చూపించడానికై ఉంటుంది.

నువ్వు ఇందుకే చేశావని నాకు అనుమానం కాదు, నమ్మకం. మిల్లు పడిపోతే అమ్మకం సులువు. ఎదురుగా నిలబడి పోట్లాడే శత్రువు నయం. నువ్వు కాగితం అచ్చుకొట్టి పంపావు.

కస్తూరమ్మ


వికారాబాద్,
16 జనవరి 1988

వదినకు,

మొన్న గులాం నబీ ఏదో బెల్టు కోసం వికారాబాద్ వచ్చి నా గదికి కూడా వచ్చాడు. మీరు పంపారనుకున్నాను. మీరు పంపలేదట. టీ తాగుతూ మీ జవాబుల కాగితాలు వినిపించాను. విన్నాడు. తర్వాత చాలా మెల్లగా అన్నాడు.

“చిన్న సేఠ్, అమ్మకేం ఎర్క? పెద్ద సేఠ్ పొద్దుగాల ఎవ్వల్తోని మాట్లాడకముందే కల్లంలకు వచ్చి, గింజ నోట్లేసుకొని కొర్కెటోడు. కొర్కినంక ‘ఎత్తుర్రి’ అంటె ఎత్తెటోళ్ళం, ‘ఉండనియ్యుర్రి’ అంటె ఉంచెటోళ్ళం. ఎందుకు అని అడిగితె చెప్పకపోతుండె. గా ఇల్మ్, గా విద్దె గాయన తోనే పాయె. మాకూ ఎర్కలే, అమ్మకూ ఎర్కలే.”

కాబట్టి మీరు అబద్ధాలు రాయలేదు. మీకు తెలియదు. తెలియదని ఒక్క వాక్యం రాయలేక, పేజీల కొద్దీ కల్పించి, కింద సంతకం పెట్టారు. ఆ కల్పన మీద నేను మూడు నెలలు ఇల్లు కట్టాను. నేను మోసం చేశానని నిందలు కూడా వేశారు.

నిరుడు పప్పు ఎందుకు నూకైందో ఇప్పుడు తెలిసింది. పెద్దమనుషుల ముందు నేనన్న మాట నిజమేనని ఒప్పుకోండి.

నాగేశ్వర్


తాండూరు,
20 జనవరి 1988

నాగేశ్వర్‌కు,

అవును, నాకు తెలియదు.

నా పెళ్ళైన వారానికే మీ అమ్మ నన్ను ఆఫీసు గది కిటికీ దగ్గర నిలబెట్టి చెప్పింది, “మనింటి కోడండ్లు కల్లం తొక్కద్దు, తొక్కితె లచ్చిమి లేచిపోతది” అని. కూలికి వచ్చే ఆడవాళ్ళు తొక్కితే పోని లక్ష్మి నేను తొక్కితే ఎలా పోతుందో నేను అడగలేదు, పద్దెనిమిదేళ్ళదాన్ని. ఇరవై ఏళ్ళు ఆ కిటికీలోంచి చూశాను. మీ అన్న నోట్లో గింజ వేసుకోవడం కనబడేది. దవడ కదలడం కనబడేది. లోపల ఏమనిపించేదో కిటికీలోంచి కనబడదు. భోజనాల దగ్గర అడిగితే, “నీకెందుకే, నువ్వేమన్న మిల్లు నడుపుతవా” అని నవ్వేవాడు.

నా మీద తలుపు మూశారు సరే. నీ మీద ఎవరు మూశారు? నిన్ను రమ్మని ప్రతి పంటకు పిలిచేవాడు. నూనె వాసనకు తలనొప్పని నువ్వు ముక్కుకు రుమాలు కట్టుకుని పోయేవాడివి. ఆ గింజ నీ నోట్లో ఒక్కసారి పెట్టినా ఇవాళ నీకు నా జవాబులతో పనుండేది కాదు. తెలియనిది నాకొక్కదానికే కాదు, నీకు కూడా. మగవాడివి కనుక నీకు సగం, ఆడదాన్ని కనుక నాకు గడువు.

ఇంకొకటి కూడా విను. నువ్వు కంప్యూటర్ అన్నప్పుడు దానికే అన్నీ తెలిసి ఉంటాయనుకున్నాను. లోకమంతా అలాగే చెబుతోంది. నేనేం రాసినా అది తప్పొప్పులు చూసుకుని సరైనది చెబుతుందని నమ్మాను. అది నీకన్నా మొద్దుదని నాకు ఎవరు చెప్పారు?

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు కల్లంలోకి దిగాను. కూలికి వచ్చే భాగమ్మ చేతిలో తట్ట చేతిలోనే ఉండిపోయింది. “అమ్మా, నువ్వు దిగుతున్నవా?” అంది. “దిగిన. నువ్వు నీ పని చూస్కో” అన్నాను. మొగుడు పోయినది కల్లం తొక్కిందని సాయంత్రానికి బజారంతా చెప్పుకున్నారు. అనంతయ్య భార్య మా గేటు ముందు నుంచి పోతూ తల తిప్పుకుందట. తిప్పుకోనీ.

ఇప్పుడు నేను చెప్పే పద్ధతి విను. ఒకే రాశి నుంచి కొన్ని తట్టలు విడిగా తీస్తాను. ఒక తట్టకు రెండెండలు, ఇంకోదానికి మూడు, మరోదానికి నాలుగు. అన్నీ నోట్లో వేసుకుని కొరుకుతాను. విడివిడిగా రోలర్‌లో పోయిస్తాను. ఏది పప్పైంది, ఏది నూకైంది, సంచుల్లో కట్టి గులాం నబీ చేత రైల్లో పంపుతాను. నువ్వు దాన్ని పెట్టెకు చెప్పు. అది ఏమంటుందో కాగితం పంపు. తప్పితే మళ్ళీ. నీ నక్షా చించెయ్యి.

ఉగాది ఎంతో దూరం లేదు. తెలియకుండానే నన్ను ఓడిస్తావా, తెలుసుకున్నాక ఓడిస్తావా, నీ ఇష్టం.

కస్తూరమ్మ


వికారాబాద్,
24 జనవరి 1988

వదినకు,

మీరు చెప్పింది పద్ధతి కాదు, తడుముకోవడం. నా గురువులెవరైనా చూస్తే నవ్వుతారు. కానీ చీకట్లో ఉన్నాం కనుక తడుముకోక తప్పదు. మూడు నెలలు రాసినదాన్ని పక్కన పెట్టాను. ఆ పని చేసిన రోజు అన్నం సహించలేదు. ఇది మీకు సంతోషం కలిగిస్తుందని తెలిసే రాస్తున్నాను.

సంచులు పంపండి. ప్రతి సంచి మీద ఊరు, నేల, నూనె, ఎండలు స్పష్టంగా రాయండి. తెలియనిచోట తెలియదు అని రాయండి.

నాగేశ్వర్


తాండూరు,
29 జనవరి 1988 (కార్డు)

సంచులు గులాం నబీకి ఇచ్చాను. కొడంగల్ కందులకు నీ పాత కాగితం రెండెండలంది. మూడెండల తట్ట బాగుంది. నీ కాగితం తప్పు. — కస్తూరమ్మ


వికారాబాద్,
1 ఫిబ్రవరి 1988 (కార్డు)

దిద్దాను. కొడంగల్ ఎర్రనేల కందులకు నూనె తగ్గించి ఒక తట్ట చూడండి. ‘తప్పు’ అన్న మాటను అంత లావుగా రాయనక్కరలేదు, నాకు కళ్ళున్నాయి. — నాగేశ్వర్


తాండూరు,
6 ఫిబ్రవరి 1988 (కార్డు)

నూనె తగ్గిస్తే బాగుంది. పొట్టు మొత్తం ఊడింది. అది నీ పెట్టె చెప్పిందా, నువ్వు చెప్పావా? ఎవరు చెప్పినా పొంగిపోవద్దు. కుల్కచర్ల కందుల్లో మళ్ళీ తప్పింది. — కస్తూరమ్మ


వికారాబాద్,
9 ఫిబ్రవరి 1988 (కార్డు)

నేను చెప్పాను. కుల్కచర్లవి దిద్దాను. మీరు పంపిన సంచి విప్పి ఇవాళ ఒక గింజ కొరికి చూశాను. నాకేమీ తెలియలేదు. — నాగేశ్వర్


తాండూరు,
14 ఫిబ్రవరి 1988 (కార్డు)

ఒక్కటి కొరికితే ఏం తెలుస్తుంది? మొదట నాకూ తెలియలేదు. ఇప్పుడు కటుక్కుమంటే ఒక సంగతి, మెత్తగా దిగితే ఒక సంగతి తెలుస్తోంది. ఈ వారం మూడు రాశులకూ నీ కాగితం సరిపోయింది. హైదరాబాద్ నుంచి ఒక వ్యాపారి వచ్చి పప్పు చూసి వెళ్ళాడు. మర్పల్లి నల్లరేగడి కందులు పెద్ద రాశి కొంటున్నాను. ఆ పప్పు అతనికి నచ్చితే ఏడాది పొడుగునా తీసుకుంటానన్నాడు. మిల్లు నిలిచేదీ పోయేదీ ఆ రాశి మీదే. కాగితం జాగ్రత్తగా చేసి పంపు. — కస్తూరమ్మ


తాండూరు,
9 మార్చి 1988

నాగేశ్వర్‌కు,

మర్పల్లి రాశికి నీ కాగితం నాలుగెండలంది. అచ్చు స్పష్టంగా ఉంది, కింద నీ సంతకం ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం గింజ కొరికాను. గాజు పగిలినట్టు పగిలింది. మళ్ళీ ఇంకోచోట నుంచి తీసి కొరికాను. అంతే. కాగితం చేతిలో పట్టుకుని కల్లం మధ్యలో కాసేపు నిలబడ్డాను. గులాం నబీ, “కాయితంల నాల్గు అని ఉన్నది గద అమ్మా” అన్నాడు. “ఎత్తుర్రి” అన్నాను. ఆ మాట మీ అన్న నోట తప్ప ఆ కల్లంలో ఎవరూ వినలేదు. కూలీలు ఒక క్షణం నా వైపు చూసి, తర్వాత ఎత్తారు. పప్పు ముత్యాల్లా వచ్చింది. హైదరాబాద్ వ్యాపారి నిన్న లారీ పంపాడు.

ఒక్క తట్ట మాత్రం నీ కాగితం చెప్పినట్టు నాలుగో ఎండకు వదిలాను. అది రోలర్‌లో పిండైంది. ఆ పిండి సంచిలో కట్టి దీనితో పంపుతున్నాను. నీ మాట విని ఉంటే రాశి మొత్తం ఇలాగే అయ్యేది, ఉగాది మర్నాడు పంచాయితీలో నేను తల దించుకుని కూర్చునేదాన్ని.

పోయిన నెలంతా సరిగ్గా చెప్పిన పెట్టె, మిల్లు బతుకంతా ఆధారపడ్డ రాశికి మాత్రమే ఎందుకు తప్పింది? పోయిన గురువారం అనంతయ్య నీ గదికి వచ్చి చాలాసేపు కూర్చున్నాడు. గులాం నబీ సంచులు ఇవ్వడానికి వచ్చినప్పుడు బయట అతని చెప్పులు గుర్తుపట్టాడు. ఆ సంగతి నాకు రాయలేదేం? ఈ మిల్లు కొనేది అతనేనని ఊర్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

చిన్నచిన్న తట్టలతో నమ్మకం పుట్టించి, పెద్ద రాశితో గొంతు కోశావు. తెలివైనవాడివే.

కస్తూరమ్మ


వికారాబాద్,
12 మార్చి 1988

వదినకు,

అనంతయ్యగారు వచ్చిన మాట నిజం. ఉగాది తర్వాత మిల్లు తనకే అమ్మాలని, అమ్మితే నా ప్రోగ్రాం తన మిల్లులన్నింటిలో పెట్టిస్తానని అన్నారు. నేను సరేనని అనలేదు. పొమ్మని కూడా అనలేదు. ఆలోచిస్తానన్నాను. ఆలోచించాను కూడా. మీకు రాయకపోవడానికి కారణం అదే. ఇందులో నన్ను నేను వెనకేసుకురాను.

కానీ కాగితం నేను మార్చలేదు.

మీ సంచి వచ్చాక రెండు రోజులు పిల్లలకు పాఠం చెప్పలేదు. ప్రోగ్రాం మొత్తం మొదటి నుంచి చదివాను. అందులో తప్పు దొరకలేదు. అన్ని వాక్యాలూ మనం తట్టలతో తేల్చినట్టే ఉన్నాయి. చివరికి తట్టల తేదీలు చూశాను. అన్నీ జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లోవే. పొద్దున మంచు కురిసే రోజులవి. ఇప్పుడు ఫాల్గుణం. మాఘమాసపు నాలుగెండలు, ఫాల్గుణ మాసపు నాలుగెండలు ఒకటి కావు. మనం ఎండలను లెక్కపెట్టాం, ఏ నెల ఎండ అని మిషన్‌కు చెప్పలేదు. నా ప్రశ్నల కాగితాల్లో అన్నీ ఉన్నాయి, నెల ఒక్కటి లేదు. కంప్యూటర్ ఉన్న గదికి కిటికీలు మూసి, రాత్రీ పగలూ ఫ్యాన్ వేసి ఉంచుతాను. బయట ఎండ మారిన సంగతి నాకే తెలియలేదు, దానికేం తెలుస్తుంది?

ఇది మీరు నమ్మరు. మీ స్థానంలో ఉంటే నేను కూడా నమ్మను. మీరు ఓడిపోతే లాభపడేవాడు, లాభం చూపించే మనిషితో మాట్లాడినవాడు, సరిగ్గా ఆ వారమే తప్పు కాగితం పంపాడు. పొరపాటు అని దేవుడి మీద ఒట్టు పెట్టినా నవ్వుతారు. ఈ తప్పు కావాలని చేయలేదని నిరూపించడానికి కంప్యూటర్‌లో ఏ వాక్యమూ లేదు.

కాబట్టి నా దగ్గర ఉన్న ఒక్క పని చేశాను. ఆ రోజు ఎవరి ముందు నోరు జారానో వాళ్ళకే రాశాను. మిల్లు అమ్మమని ఇక ఎప్పుడూ అడగనని, అది నడిపించే బాధ్యత, హక్కు కస్తూరమ్మగారివేనని, ఆడమనిషి వల్ల మిల్లు నడవదన్న నా మాట వాపసు తీసుకుంటున్నానని సంతకం పెట్టి అనంతయ్యగారికి రిజిస్టర్ పోస్టులో పంపాను. ఆయన మీ చెవిన వేయకపోవచ్చు, అందుకని ఇంకో ప్రతి మీద కూడా సంతకం పెట్టి దీనితో జతపరిచాను. అనంతయ్యగారు ఇక నా సరుకు కొనరు. తెలిసే చేశాను.

కోపం తగ్గిందని కాదు. మీరన్న మాటల్లో కొన్ని నేను చచ్చేదాకా మరిచిపోను. కానీ దొంగ అన్న మాటతో బతకలేను.

నాగేశ్వర్


తాండూరు,
15 మార్చి 1988

నాగేశ్వర్‌కు,

ఉత్తరం, కాగితం రెండూ అందాయి. అనంతయ్యకు కూడా అందినట్టుంది. నిన్న బజార్లో ఎదురుపడితే నమస్కారం తనే ముందు పెట్టాడు.

ఎండ సంగతి కనిపెట్టడానికి నీకు రెండు రోజులు పట్టిందన్నావు. నాకు ఆ మధ్యాహ్నమే తెలుసు. మూడో రోజు కల్లం మధ్యలో కాగితం పట్టుకుని నిలబడ్డానని రాశాను కదా. ఎక్కువసేపు నిలబడలేకపోయాను, అరికాళ్ళు బొబ్బలెక్కాయి. పోయిన నెల అదే గచ్చు మీద పొద్దంతా తిరిగినా చల్లగా ఉండేది. కాగితం తప్పింది ఎండ వల్లేనని, నీ వల్ల కాదని, ‘ఎత్తుర్రి’ అనకముందే నాకు అర్థమైంది. నాలుగో ఎండకు ఆ తట్టను వదిలింది కూడా నీకు పంపడానికే.

అయినా నిన్ను దొంగ అని రాశాను. తెలిసే రాశాను. పదకొండో రోజున, బొట్టు తుడిచిన నా నుదురు ఇంకా ఆరకముందే, నలుగురి ముందు నన్ను పనికిరానిదాన్ని చేశావు. రెండేళ్ళు ఆ మాట మోశాను. చేయని తప్పు నెత్తిన పడితే, కాదని చెప్పినా ఎవరూ వినకపోతే ఎలా ఉంటుందో నువ్వు కూడా కొన్ని రోజులు చూడాలనుకున్నాను. నువ్వు అరుస్తావని, తిడుతూ రాస్తావని అనుకున్నాను. హక్కు వదిలేస్తావని మాత్రం అనుకోలేదు. నీ ఉత్తరం చదువుతుంటే నాకు సిగ్గేసింది. ఎవరూ లేని చోటికి పోయి కూర్చున్నాను.

ఇప్పుడు నిజం తెలిసింది కనుక కాగితం వాపసు ఇమ్మంటావేమో. ఇవ్వను. దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను. నువ్వు మంచివాడివని నాకు రుజువైంది. నేను నీ అంత మంచిదాన్ని కాదు.

శుక్రవారం కుల్కచర్ల కందులు పోస్తున్నాం. నెల అడిగే ప్రశ్న కలిపి కొత్త కాగితం గురువారం రైలుకు పంపు.

కస్తూరమ్మ